గిట్ పుష్ అవట్లేదా? ఎక్కడ ఆగిందో ముందు చూడండి

పోస్టు కొంచెం పెద్దదే. కంప్యూటర్ బ్రాంచ్ వాళ్ళకి, డిప్లొమా తమ్ముళ్ళకి, ప్రాజెక్ట్ పెట్టాల్సిన బీసీఏ, ఎంసీఏ వాళ్ళకి పనికొస్తుందని రాస్తున్నా. మిగతావాళ్ళు దాచి పెట్టుకోండి, ఇంట్లో ఎవరో ఒకరికి అవసరం పడుతుంది.

ఈ సెమిస్టర్లో నాకు వచ్చిన స్క్రీన్‌షాట్లలో ఎక్కువ ఒకే రకం. నల్ల స్క్రీను, చివర్లో 'ఫేటల్' అనే మాట, కింద "అన్నా పుష్ అవట్లేదు, రేపే సబ్మిషన్". దానికి వచ్చే సలహాలు కూడా ఒకే రకం. గిట్ తీసేసి మళ్ళీ ఎక్కించు. ఫోల్డర్ డిలీట్ చేసి మళ్ళీ క్లోన్ కొట్టు. లాప్‌టాప్ మార్చు. ఆ రెండో సలహా విని మూడు వారాల పని పోగొట్టుకున్న చెల్లి ఒకరు మనలోనే ఉన్నారు. సర్వర్ దాకా పోని పని అంతా ఆ ఫోల్డర్లోనే ఉంది. దాన్నే డిలీట్ చేయమన్నారు. అది విన్నాకే ఈ పోస్టు రాయాలనిపించింది.

ఫేటల్ అంటే డిక్షనరీలో ప్రాణాంతకం అని ఉంటుంది. మొదటిసారి చూసినవాళ్ళకి గుండె జారుతుంది. గిట్ దగ్గర దానర్థం "ఈ కమాండ్ ఇక్కడితో ఆపేశా" అని, అంతే. పైగా మనలో చాలామందికి ఇంట్లో అడగడానికి ఇంజనీరు బాబాయ్ లేడు, ఫోన్ చేస్తే చెప్పే అక్క లేదు. ఎర్రర్ రాగానే "ఇది మనవల్ల కాదేమో" అనిపిస్తుంది. నేను చెప్పదలుచుకున్నది ఒకటే. కనెక్షన్ ఎర్రర్ మీ తెలివి గురించి ఏమీ చెప్పదు. మీరు పంపిన మాట దారిలో ఎంతవరకు వెళ్ళి ఆగిందో చెప్తుంది. ఆ చోటు తెలిస్తే సగం పని అయినట్టే.

కమాండ్లు తెలుగు అక్షరాల్లో రాస్తున్నా, టెర్మినల్లో మాత్రం ఇంగ్లీషులోనే కొట్టాలి. ఇంటర్ దాకా తెలుగు మీడియం చదివినవాళ్ళు పైకి చదువుకుంటూ పోతే అర్థమవ్వాలనే ఇలా రాస్తున్నా.

ముందు ఒక తేడా. గిట్ వేరు, సర్వర్ వేరు. గిట్ మన లాప్‌టాప్‌లో ఉండే ప్రోగ్రామ్. లైనస్ టోర్వాల్డ్స్ 2005 ఏప్రిల్‌లో దీన్ని రాయడం మొదలుపెట్టారు. లినక్స్ వాళ్ళు అప్పటిదాకా వాడుతున్న బిట్‌కీపర్ ఇక ఉచితంగా దొరకని పరిస్థితి వచ్చింది, అందుకని సొంతంగా చేసుకున్నారు. గిట్‌హబ్, గిట్‌ల్యాబ్ లాంటివి ఎక్కడో ఉన్న సర్వర్లు. యాడ్, కమిట్, లాగ్, బ్రాంచ్, ఇవన్నీ మన లాప్‌టాప్‌లోనే జరుగుతాయి. నెట్ అక్కర్లేదు. క్లోన్, ఫెచ్, పుల్, పుష్ లాంటివాటికే నెట్ కావాలి. పాత కంపెనీల్లో ఇంకా వాడే సబ్‌వెర్షన్‌లో అలా కాదు, అందులో కమిట్ కొట్టాలన్నా సర్వర్ అందాలి. అంటే గిట్‌లో కనెక్షన్ పోయినా మీ పని, దాని తేదీ, మీ పేరు అన్నీ మీ ఫోల్డర్లో భద్రంగా ఉంటాయి. కాబట్టి మొదటి రూలు: ఎర్రర్ ఏదైనా సరే, ఫోల్డర్‌ని ముట్టుకోవద్దు. అనుమానంగా ఉంటే మొత్తం ఫోల్డర్‌ని పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసుకుని అప్పుడు ప్రయోగాలు చేయండి. గిట్ చరిత్ర ఉండేది లోపల దాగి ఉన్న 'డాట్ గిట్' ఫోల్డర్లో, అది కూడా కాపీ అయిందో లేదో చూసుకోండి.

ఇప్పుడు దారి గురించి. మీరు పుష్ కొట్టినప్పుడు వరసగా ఐదు పనులు జరుగుతాయి. పేరు వెతకడం, తలుపు దాకా పోవడం, అవతల ఉన్నది ఎవరో చూడటం, మనం ఎవరో చెప్పుకోవడం, సరుకు దించడం. ప్రతి ఎర్రర్ ఈ ఐదింట్లో ఏదో ఒక చోటుది.

మొదటిది పేరు. "కుడ్ నాట్ రిజాల్వ్ హోస్ట్" అని వస్తే, గిట్‌హబ్ డాట్ కామ్ అనే పేరుకి నంబరు దొరకలేదని అర్థం. ఫోన్‌బుక్‌లో పేరు దొరక్కపోతే ఫోన్ కలపలేం కదా, అలాగ. ఇక్కడ పాస్‌వర్డ్ మార్చి లాభం లేదు, మీ మాట గుమ్మం కూడా దాటలేదు. చూడాల్సినవి మూడు. నెట్ అసలు ఉందా. అడ్రసులో అక్షరం ఏమైనా తేడాగా ఉందా, దానికి 'గిట్ రిమోట్ -వి' కొడితే మొత్తం అడ్రసు కనపడుతుంది. హాస్టల్ వైఫై అయితే బ్రౌజర్లో లాగిన్ పేజీ అడుగుతోందా. చాలా హాస్టళ్ళలో వైఫై కలిసినట్టే చూపిస్తుంది, కానీ బ్రౌజర్ తెరిచి రోల్ నంబరు కొట్టేదాకా ఏదీ కదలదు. టెర్మినల్‌కి ఆ పేజీ కనపడదు, అందుకే అది తికమక పడుతుంది. అన్నీ బాగుండి కూడా పేరు దొరక్కపోతే నెట్‌వర్క్ సెట్టింగుల్లో డీఎన్ఎస్ దగ్గర 8.8.8.8 గానీ 1.1.1.1 గానీ పెట్టి చూడండి.

రెండోది తలుపు. ఇక్కడ రెండు ఎర్రర్లు అన్నదమ్ముల్లా కనపడతాయి కానీ అర్థాలు వేరు. "కనెక్షన్ రెఫ్యూజ్డ్" అంటే అవతల ఎవరో ఉన్నారు, "ఇక్కడ కాదు, పో" అన్నారు. మిషన్ దాకా దారి ఉంది, ఆ తలుపు దగ్గర వినేవాళ్ళు లేరు. మీ కాలేజీ ల్యాబ్‌లో సొంత సర్వర్ పెట్టుకుని ఉంటే అది స్టార్ట్ కాలేదేమో చూడాలి. "కనెక్షన్ టైమ్డ్ అవుట్" అంటే తలుపు కొట్టాం, ఎవరూ పలకలేదు, ఎదురుచూసి ఎదురుచూసి వెనక్కి వచ్చాం. దారిలో ఎవరో మాటను మింగేశారన్నమాట. ఎక్కువసార్లు అది ఫైర్‌వాల్.

తలుపులకి నంబర్లు ఉంటాయి, వాటినే పోర్ట్ అంటారు. ఎస్ఎస్‌హెచ్ తలుపు 22. హెచ్‌టిటిపిఎస్ తలుపు 443. గిట్ సొంత తలుపు 9418. సబ్‌వెర్షన్ సర్వర్ తలుపు 3690. కాలేజీలు, హాస్టళ్ళు బ్రౌజింగ్ కోసం 443 తెరిచి పెట్టి మిగతావి మూసేయడం మామూలే. అందుకే బ్రౌజర్లో గిట్‌హబ్ చక్కగా తెరుచుకుంటుంది, టెర్మినల్లో పుష్ మాత్రం అవదు. "సైట్ వస్తోంది కదా, మరి నా లాప్‌టాప్‌లోనే ఏదో తేడా" అని తమ్ముళ్ళు రాత్రంతా కూర్చునేది ఇక్కడే. పరీక్ష సులువు. వైఫై తీసేసి ఫోన్ హాట్‌స్పాట్ మీద అదే కమాండ్ కొట్టండి. అక్కడ పోతే లాప్‌టాప్ బాగున్నట్టు, వైఫైలో 22 మూసి ఉన్నట్టు. మందు కూడా ఉంది. రిమోట్ అడ్రసును హెచ్‌టిటిపిఎస్‌కి మార్చుకోవచ్చు. లేదా ఎస్ఎస్‌హెచ్‌నే 443 తలుపు గుండా పంపొచ్చు, గిట్‌హబ్ వాళ్ళు దీనికోసమే 'ఎస్ఎస్‌హెచ్ డాట్ గిట్‌హబ్ డాట్ కామ్' అనే వేరే పేరు పెట్టారు. అయితే కాలేజీ వాళ్ళు కావాలని పూర్తిగా మూసి ఉంటే వార్డెన్ గారినో ల్యాబ్ సార్‌నో అడగండి. "సార్, పోర్ట్ 22 టైమ్ అవుట్ అవుతోంది, మొబైల్ డేటాలో పోతోంది" అని చెప్పండి. "నెట్ రావట్లేదు సార్" అంటే ఎవరూ కదలరు. పోర్ట్ నంబరు చెప్తే ల్యాబ్ సార్ కూడా ఎక్కడ చూడాలో తెలిసి లేస్తారు.

మూడోది, అవతల ఉన్నది ఎవరు. "హోస్ట్ కీ వెరిఫికేషన్ ఫెయిల్డ్" అని, పైన పెద్ద అక్షరాల్లో హెచ్చరికతో వస్తుంది. నిన్నటిదాకా ఆ తలుపు దగ్గర ఉన్న మనిషి వేలిముద్ర వేరు, ఈరోజు వేరు అని గిట్ చెప్తోంది. మధ్యలో ఎవరైనా దొంగ కూర్చున్నా ఇదే వస్తుంది, సర్వర్ వాళ్ళు నిజంగా తాళం మార్చినా ఇదే వస్తుంది. 2023 మార్చి 24న గిట్‌హబ్ తన ఆర్ఎస్ఏ హోస్ట్ కీని మార్చింది, ఎందుకంటే ఆ రహస్య కీ పొరపాటున కొద్దిసేపు అందరికీ కనపడే చోట పడింది. ఆరోజు ప్రపంచమంతా ఈ హెచ్చరికే చూసింది. వచ్చినప్పుడు చేయాల్సింది, సర్వర్ వాళ్ళ అధికారిక పేజీలో వేలిముద్ర చూసి, స్క్రీన్ మీద ఉన్నదానితో అక్షరం అక్షరం పోల్చి, సరిపోతేనే పాతదాన్ని తీసేయడం.

హెచ్‌టిటిపిఎస్‌లో ఇదే చోట సర్టిఫికెట్ ఎర్రర్ వస్తుంది. ల్యాబ్‌లో పాత మిషన్లు ఉంటాయి కదా, లోపల చిన్న బ్యాటరీ అయిపోయి ఆన్ చేసిన ప్రతిసారీ ఎప్పటిదో తేదీ చూపిస్తుంటాయి. సర్టిఫికెట్‌కి మొదలు తేదీ, చివరి తేదీ ఉంటాయి. మిషన్ తనను తాను కొన్నేళ్ళ వెనక ఉన్నాననుకుంటే సర్టిఫికెట్ ఇంకా మొదలవనే లేదని కొట్టేస్తుంది. తేదీ, టైము సరిచేస్తే ఎర్రర్ పోతుంది. దీనికి చాలామంది ఇచ్చే సలహా 'ఎస్ఎస్ఎల్ వెరిఫై ఆపెయ్' అని. దయచేసి ఆపకండి. అవతల ఎవరున్నారో చూడకుండా టోకెన్ చేతికి ఇచ్చేసినట్టు అవుతుంది.

నాలుగోది, మనం ఎవరు. "పర్మిషన్ డినైడ్, పబ్లిక్ కీ" అంటే తలుపు దాకా బాగానే పోయాం, మన గుర్తింపు చెల్లలేదు. నెట్ బాగుందన్నమాట, ఇక నెట్‌ని తిట్టొద్దు. 'ఎస్ఎస్‌హెచ్ -టి' కొట్టి చూడండి. "హాయ్" అని మీ పేరు వచ్చి, పక్కన "షెల్ యాక్సెస్ ఇవ్వం" అని ఉంటే అది విజయమే. ఆ రెండో ముక్క చూసి ఎర్రర్ అనుకుని నాకు ఫోన్ చేసినవాళ్ళు ఎంతమందో. "ఆథెంటికేషన్ ఫెయిల్డ్" వస్తే, 2021 ఆగస్టు 13 నుంచి గిట్‌హబ్ టెర్మినల్లో అకౌంట్ పాస్‌వర్డ్ తీసుకోవట్లేదని గుర్తుపెట్టుకోండి. టోకెన్ గానీ ఎస్ఎస్‌హెచ్ కీ గానీ కావాలి. సీనియర్ల పాత నోట్సులో ఇంకా పాస్‌వర్డ్ కొట్టమనే ఉంటుంది, అప్పటి మాట అది.

"403" వచ్చి, మీది కాని పేరు కనపడితే కంగారు పడొద్దు. ల్యాబ్ మిషన్‌లో మీ ముందు కూర్చున్నవాళ్ళ లాగిన్ దాగి ఉంది. విండోస్‌లో క్రెడెన్షియల్ మేనేజర్ తెరిచి అది తీసేసి మళ్ళీ కొట్టండి. లేచేటప్పుడు మీది కూడా తీసేసి లేవండి.

ఇంకొకటి, "రిపాజిటరీ నాట్ ఫౌండ్". లేదని చెప్తుంది, నిజంగా లేకపోవచ్చు. కానీ ప్రైవేట్ రిపాజిటరీ అయి, మీకు అనుమతి లేకపోయినా గిట్‌హబ్ అదే మాట చెప్తుంది. అది ఉందన్న సంగతి కూడా బయటివాళ్ళకి తెలియకూడదని అలా పెట్టారు. కాబట్టి టీమ్ లీడర్‌ని "నన్ను కొలాబరేటర్‌గా చేర్చావా" అని అడగండి. చేర్చి ఉంటే మెయిల్లో వచ్చిన ఆహ్వానాన్ని మీరు ఒప్పుకోవాలి, అది ఒప్పుకునేదాకా లోపలికి రానివ్వదు.

ఈ నాలుగు చోట్లనూ ఒకేసారి పరీక్షించే చిన్న కమాండ్ ఉంది, 'గిట్ ఎల్ఎస్-రిమోట్ ఆరిజిన్'. అది సర్వర్లో ఉన్న బ్రాంచిల పేర్లు మాత్రం తెస్తుంది, డేటా చాలా తక్కువ. అది పలికితే పేరు, తలుపు, వాళ్ళు, మీరు, నాలుగూ బాగున్నట్టే.

ఐదోది సరుకు. మన ఊళ్ళ వాళ్ళకి ఎక్కువ నొప్పి ఇక్కడే, కాబట్టి నాకు జరిగింది చెప్తా.

మాది మాచర్ల నుంచి నాగార్జున సాగర్ పోయే వైపు ఎత్తిపోతల దగ్గర తండా. ఎత్తిపోతల అనగానే బయటివాళ్ళు లిఫ్ట్ ఇరిగేషన్ అనుకుంటారు. మా దగ్గరది జలపాతం. చంద్రవంక దాదాపు 70 అడుగుల ఎత్తు నుంచి లోయలోకి దూకి, ముందుకు పోయి కృష్ణలో కలుస్తుంది. ఆదివారం టూరిస్టుల బండ్లతో నిండిపోతుంది. ఆ రోజు ఫోన్లో గీతలు నిండుగా ఉంటాయి, ఫోటో ఒక్కటీ పోదు. గీతలు చూపించేది మన ఫోనుకీ టవరుకీ మధ్య సంగతి మాత్రమే. ఆ టవర్ మీద ఎంతమంది పడ్డారో, టవర్ నుంచి అవతలికి దారి ఎంత వెడల్పో గీతలు చెప్పవు.

పోయిన సెలవుల్లో నలుగురం కలిసి చేసే ప్రాజెక్ట్‌లో నా భాగం ఇంటి దగ్గరే చేశా. మొత్తం 14 కమిట్లు. నా పేరుతో ఉన్న బ్రాంచ్‌ని సెలవులకు ముందే హాస్టల్ నుంచి సర్వర్లో పెట్టి ఉంచాను. ఎల్ఎస్-రిమోట్ పలికేది, పుష్ కొడితే 30 శాతం, 40 శాతం దాకా పోయి నిలబడేది, కొంతసేపటికి "రిమోట్ ఎండ్ హంగ్ అప్ అనెక్స్‌పెక్టెడ్లీ". మళ్ళీ కొడితే మళ్ళీ సున్నా నుంచి. తొమ్మిది రోజులు ఇదే.

ఈలోపు టీమ్ వాట్సాప్‌లో మెసేజ్: "బ్రో, నీ వైపు నుంచి ఒక్క కమిట్ కూడా లేదు. సార్ లిస్ట్ అడుగుతున్నారు." పని అయింది, పోవట్లేదని చెప్పా. "అందరూ అదే అంటారు బ్రో" అన్నాడు. అతను చెడ్డవాడేం కాదు. అతని ఊళ్ళో నెట్ పోదు, అంతే. కానీ ఆ మాట వెనక ఇంకో మాట ఉంటుందని మనకి తెలుసు. "రిజర్వేషన్‌లో వచ్చాడు, పని మనమే చేయాలి" అనే మాట. పైకి అనరు. సర్వర్లో మన పేరు కనపడకపోతే అది నిజమైపోయినట్టే. ఎవరి పేరు మీద ఎన్ని కమిట్లు ఉన్నాయో చూసి మార్కులు వేసే రోజుల్లో, పుష్ అవకపోవడం అనేది నెట్ సమస్యతో ఆగదు. మన కష్టం ఉందా లేదా అనే దగ్గరికి పోతుంది.

అందుకని ఎక్కడ ఆగిందో కూర్చుని చూశా. మొదటి 9 కమిట్లు ఉత్త కోడ్, అన్నీ కలిపినా కొన్ని వందల కేబీలే. పదోదాంట్లో యాప్‌కి కావాల్సిన బొమ్మలు, ఫాంట్లు ఉన్నాయి, 38 ఎంబీ. పుష్ కొడితే అన్నీ ఒకే మూటగా పోతాయి, మూట మధ్యలో దారి తెగితే మొత్తం వృథా. గిట్ ఆగిన చోటు నుంచి మళ్ళీ ఎత్తుకోదు. కాబట్టి మూట విప్పాలి. 'గిట్ పుష్ ఆరిజిన్' తర్వాత తొమ్మిదో కమిట్ నంబరు, రెండు చుక్కలు, బ్రాంచ్ పేరు. అంటే అక్కడిదాకా మాత్రమే పంపు అని. తెల్లవారుజామున ఐదింటికి, టవర్ ఖాళీగా ఉన్నప్పుడు కొట్టా. కొన్ని సెకన్లలో పోయాయి.

మిగిలిన ఐదు కమిట్లకి ఆ 38 ఎంబీ అడ్డం. దానికి 'గిట్ బండిల్' వాడా. సర్వర్‌కి పంపాల్సిన సరుకంతా ఒకే ఫైలుగా కట్టి ఇస్తుంది. ఏ కమిట్ నుంచి ఏ కమిట్ దాకా అని చెప్పొచ్చు. 'గిట్ బండిల్ వెరిఫై' కొట్టి బాగుందో లేదో చూసుకుని పెన్‌డ్రైవ్‌లో వేశా. మా తండా అన్న ఒకాయన పని మీద గుంటూరు బస్సెక్కుతుంటే చేతికిచ్చా. టీమ్‌లో ఉన్న ఇంకో అబ్బాయి బస్టాండ్‌కి వచ్చి తీసుకున్నాడు. ఆ ఫైలునే రిమోట్ అనుకుని ఫెచ్ కొట్టాడు, అక్కడి నుంచి సర్వర్‌కి పుష్ కొట్టాడు. పంపింది అతను, కానీ కమిట్ల మీద నా పేరే ఉంది, నేను చేసిన తేదీలే ఉన్నాయి. ఎందుకంటే చేసినవాడి పేరు, ఈమెయిల్, తేదీ కమిట్ లోపలే రాసి ఉంటాయి, ఎవరు మోసుకుపోయారన్నది వేరే సంగతి. సాయంత్రం గ్రూపులో మెసేజ్ వచ్చింది: "14 వచ్చాయి బ్రో. డేట్లు కూడా చూశా." సార్‌కి లిస్ట్ పోయింది.

దీన్ని నాటు పద్ధతి అనుకోకండి. లినక్స్ కెర్నల్ రాసేవాళ్ళు ఇప్పటికీ మార్పుల్ని ఈమెయిల్లో ప్యాచ్‌లుగా పంపుకుంటారు. గిట్ పుట్టిందే అలాంటి పని కోసం. ఒక్క జాగ్రత్త, గిట్‌లో మీరు పెట్టిన ఈమెయిల్, గిట్‌హబ్ అకౌంట్‌లో ఉన్న ఈమెయిల్ ఒకటే ఉండాలి. లేకపోతే పని వస్తుంది, మీ ఫోటో పక్కన లెక్కకి రాదు.

క్లోన్ సగంలో తెగుతుంటే 'గిట్ క్లోన్ --డెప్త్ 1' కొట్టండి, తాజా కమిట్ ఒక్కటే వస్తుంది. తర్వాత నెట్ బాగున్న చోట 'గిట్ ఫెచ్ --అన్‌షాలో' కొడితే పాత చరిత్ర కూడా దిగుతుంది. నోడ్ మాడ్యూల్స్ లాంటి ఫోల్డర్లను గిట్ ఇగ్నోర్‌లో పెట్టండి. గిట్‌హబ్ 100 ఎంబీ దాటిన ఒక్క ఫైలును కూడా తీసుకోదు, దానికి నెట్‌ని నిందించి లాభం లేదు. ఇక 'పోస్ట్ బఫర్ పెంచు' అనే సలహా అన్ని చోట్లా ఉంటుంది. మామూలు పుష్ సమస్యలకి అది పెద్దగా పనిచేయదని గిట్ సొంత పుస్తకంలోనే రాసి ఉంది.

ఇంకో ఎర్రర్ ఉంది, అది అసలు కనెక్షన్ ఎర్రర్ కాదు. "రిజెక్టెడ్, ఫెచ్ ఫస్ట్". దారి బాగుంది, మీరు బాగున్నారు, మీకన్నా ముందు టీమ్‌లో ఇంకొకరు పుష్ కొట్టారు. పుల్ చేసి, కలిపి, మళ్ళీ కొట్టాలి. ఇక్కడ '--ఫోర్స్' కొడితే పోతుంది, పోతూ పోతూ స్నేహితుడి పనిని సర్వర్ మీద నుంచి చెరిపేస్తుంది. సబ్మిషన్ ముందు రాత్రి ఆ కమాండ్ చెప్పేవాళ్ళ మాట వినకండి.

కొన్నిసార్లు తేడా మన దగ్గర ఉండదు, సర్వర్ దగ్గరో దారి మూసినవాళ్ళ దగ్గరో ఉంటుంది. 2014 డిసెంబరు చివర్లో మన దేశంలో కొన్ని నెట్‌వర్కుల్లో గిట్‌హబ్ తెరుచుకోలేదు. ఐసిస్‌కి సంబంధించిన రాతలు ఉన్నాయని టెలికాం శాఖ 32 వెబ్ అడ్రసులు ఆపమంది, అందులో గిట్‌హబ్, విమియో, పేస్ట్‌బిన్, ఇంటర్నెట్ ఆర్కైవ్ కూడా ఉన్నాయి. తర్వాత ఎత్తేశారు. ఆ రోజుల్లో ఎంతమంది లాప్‌టాప్ ఫార్మాట్ కొట్టుకున్నారో! 2018 అక్టోబరు 21న గిట్‌హబ్ వాళ్ళ సొంత నెట్‌వర్క్‌లోనే, పరికరం మారుస్తుండగా, 43 సెకన్లు కనెక్షన్ తెగింది. ఆ కాసేపట్లో రెండు వైపుల డేటాబేసుల్లోనూ వేరువేరు రాతలు పడ్డాయి. వాటిని సరిచేసి మామూలు స్థితికి రావడానికి 24 గంటల 11 నిమిషాలు పట్టింది. వాళ్ళ దగ్గర ఎంత మంది ఇంజనీర్లు ఉంటారో ఊహించుకోండి. వాళ్ళకీ కనెక్షన్ తెగుతుంది. వాళ్ళు చేసింది ఏంటంటే, డేటా పోకుండా ముందు కాపాడుకున్నారు, నిదానంగా కలిపారు, ఏం జరిగిందో రాసి అందరికీ చెప్పారు. అందుకే ఎర్రర్ రాగానే ముందు సర్వర్ స్టేటస్ పేజీ చూడండి, వేరే ఊళ్ళో వేరే నెట్‌వర్క్ మీద ఉన్న స్నేహితుణ్ణి అదే కమాండ్ కొట్టమనండి. వాళ్ళకీ రాకపోతే టీ తాగి రండి.

చివరిగా, సహాయం అడిగేటప్పుడు ఇలా అడగండి. చివరి నాలుగు లైన్లు ఫోటో కాకుండా అక్షరాలుగా కాపీ చేసి పెట్టండి. ఏ నెట్‌వర్క్ మీద ఉన్నారో, వేరే నెట్‌వర్క్ మీద ఏమైందో రాయండి. 'గిట్ రిమోట్ -వి', ఎల్ఎస్-రిమోట్ ఏం చెప్పాయో రాయండి. అడ్రసులో టోకెన్ ఉంటే తీసేసి పెట్టండి, అది మీ ఇంటి తాళం. సీనియర్లకి కూడా ఒక మాట. "మళ్ళీ ఇన్‌స్టాల్ చెయ్" అనే ముందు "చివరి లైన్ ఏముంది తమ్ముడూ" అని అడగండి. రెండు నిమిషాలు ఎక్కువ పడుతుంది, కానీ పక్కసారి ఆ తమ్ముడు మనల్ని అడగడు, ఇంకొకరికి తనే చెప్తాడు.

సెలవులకి ఇంటికి పోయేవాళ్ళు ఈసారి హాస్టల్ వదిలే ముందు మూడు పనులు చేసుకుని పోండి. మీ పేరుతో బ్రాంచ్ తీసి ఒకసారి పుష్ చేయండి. హాస్టల్ నెట్ మీదే ఫెచ్ కొట్టి అంతా తాజాగా దించుకోండి. బ్యాగులో ఒక పెన్‌డ్రైవ్ వేసుకోండి. బండిల్ కమాండ్లు పూర్తిగా కావాలంటే అడగండి, ఇంగ్లీషు అక్షరాల్లో టైప్ చేసి గ్రూపులో పెడతా.